జోడుపట్టీ

ఆ విశ్వవిద్యాలయంలో చీమ చిటుక్కుమన్నా ఓబులేసు పత్రికా ప్రకటన రాయాలి. వృక్షశాస్త్ర విభాగానికి పతకం వచ్చినా, హాస్టల్ పిల్లలు రక్తదానం చేసినా, గుట్ట పక్కన కొత్త బోరులో నీళ్ళు పడినా సరే, ‘విశ్వవిద్యాలయ కీర్తికిరీటంలో మరో కలికితురాయి’ అని మొదలుపెట్టాలి. చివర్న వైస్ ఛాన్సలర్ గారు హర్షం వ్యక్తం చేయాలి. ఫోటోలో ఆయన మధ్యలో ఉండాలి. ఇన్ని తురాయిలు గుచ్చాక ఆ కిరీటం ఇంకా తలమీద ఎలా నిలిచిందో అని అనంతపురం విలేకరులు ఆటపట్టించేవాళ్ళు. ఓబులేసు కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. పౌరసంబంధాల అధికారి అన్న బోర్డు వెనక కూర్చున్నవాడికి రోషం పనికిరాదని అతనికి బాగా తెలుసు.

అలాంటివాడు ఒకరోజు తన ఇంటి సంగతినే ప్రకటనగా రాశాడు.  పట్టలేని సంతోషంతో రాశాడు.

ఓబులేసుకు ఒక్కతే కూతురు, చౌడేశ్వరి. చిన్నతనంలో మెదడువాపు జ్వరం వచ్చి ప్రాణం దక్కింది గాని మాట పోయింది. చెవులు బాగానే వినిపిస్తాయి. చెప్పింది అర్థమవుతుంది, చదువుతుంది, లెక్కలు చేస్తుంది. నోరు తెరిస్తే మాత్రం గాలి తప్ప ఏమీ రాదు. రాయమని కాగితమిస్తే గీతలే గీస్తుంది. తలలో మాటలుండే గది కాలిపోయిందని డాక్టర్లన్నారు. తల్లి ఈశ్వరమ్మేమో స్టాఫ్ క్వార్టర్స్ మొత్తానికి పేరుమోసిన మాటకారి. కుళాయి దగ్గర ఆమె మొదలుపెడితే బిందెలు నిండి పొర్లిపోయేవి, ఎవరూ కదిలేవాళ్ళు కాదు. అంత మాటకారి కడుపున మాట లేని పిల్ల ఉండటం చూసి ఓబులేసుకు దేవుడి మీద చాలాసార్లు కోపం వచ్చింది.

క్యాంపస్‌లోనే, నాడీశాస్త్ర విభాగంలో ప్రొఫెసర్ షంషాద్ ఉండేది. పాత రేకుల షెడ్డును ప్రయోగశాలగా మార్చుకుని, ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోని పని ఒకటి చేస్తుండేది. రెండు తలపట్టీలు, మధ్యలో తీగ, తీగ మధ్యలో టిఫిన్ డబ్బా అంత పెట్టె. ఒక పట్టీ తల్లికి, ఒకటి బిడ్డకు. తల్లి ఒక మాటను మనసులో గట్టిగా అనుకోవాలి. ఆ మాట కదలిక పెట్టెలో నుంచి బిడ్డ తలలోకి పోయి, కాలిన గదిని దాటుకుని నోటికి చేరాలి. కడుపున మోసిన తల్లి అయితేనే పని చేస్తుంది. ఆవిడ దానికేదో పెద్ద పేరు పెట్టింది గాని, క్యాంపస్‌లో అందరూ జోడుపట్టీ అనేవాళ్ళు.

మొదటిరోజు ఈశ్వరమ్మ కళ్ళు మూసుకుని ‘నీళ్ళు’ అనుకుంది. చౌడేశ్వరి పెదవులు కదిలాయి. ‘నీళ్ళు’ అన్న మాట ఎవరో బావిలో నుంచి పిలిచినట్టు బయటికొచ్చింది. ఓబులేసు షెడ్డు బయటికి వెళ్ళి గోడకు తల ఆనించి ఏడ్చాడు.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం తల్లీకూతుళ్ళు షెడ్డుకు వెళ్ళేవాళ్ళు. షంషాద్ ఏరోజుకారోజు కొత్త మాటలిచ్చేది. పలికిన మాటను మళ్ళీ పలికించేది కాదు, పాత మాటతో తన పరిశోధనకు పనిలేదు. పట్టీ తీస్తే పిల్ల మళ్ళీ మూగదే. ఆ సాయంత్రం ఈశ్వరమ్మకు పలికిన మాటలు ఒకటి రెండు తడబడేవి. అలసట అనుకునేవాళ్ళు. పొద్దున్నే లేచేసరికి సర్దుకునేవి.

స్నాతకోత్సవానికి కులపతి హోదాలో గవర్నరు వస్తున్నారన్న కబురుతో అంతా మారిపోయింది. వేదిక మీద పిల్ల మాట్లాడాలని వైస్ ఛాన్సలర్ పట్టుబట్టాడు. ప్రసంగం రాసే పని, ఇంకెవరికి, ఓబులేసుకే పడింది. అతను ప్రాణం పెట్టి రాశాడు. ఏళ్ళ తరబడి ఇతరుల ఘనత రాసిన చేతికి మొదటిసారి సొంత మాటలు దొరికాయి.

‘అందరికీ నమస్కారం. నా పేరు చౌడేశ్వరి. మా అమ్మ రాగిసంగటి చేస్తుంది, ఉగ్గాణి చేస్తుంది. జ్వరం నా మాట తీసుకుపోయింది. మా విశ్వవిద్యాలయం తిరిగి ఇచ్చింది. ఈ జన్మకు నాకిది చాలు. ధన్యవాదాలు.’

వైస్ ఛాన్సలర్ చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఉగ్గాణి అన్నచోట కులపతి గారు కరిగిపోవడం ఖాయమన్నాడు.

ఇక రిహార్సళ్ళు మొదలయ్యాయి. సర్కారు విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పకపోయినా గడుస్తుందేమో గాని, పెద్దవాళ్ళు వచ్చే ముందు రిహార్సల్ లేకుండా గడవదు. జ్యోతి వెలిగించడానికి రిహార్సల్. శాలువా కప్పడానికి రిహార్సల్, ఆ శాలువా కప్పించుకోవడానికి కులపతి స్థానంలో ఒక అటెండరు. పిల్ల ప్రసంగానికైతే, షంషాద్‌కు చెప్పకుండానే పెట్టె తెప్పించి చేయించిన రిహార్సళ్ళకు లెక్కే లేదు. రిజిస్ట్రార్ ముందు ఒకసారి, డీన్ల ముందు ఒకసారి, మైకు సరిచూడటానికి ఒకసారి, పోలీసుల ముందు ఒకసారి. ‘చాలు’ అన్నచోట గొంతు కాస్త ఆగాలని వైస్ ఛాన్సలర్ ఆ ఒక్క వాక్యాన్నే మళ్ళీ మళ్ళీ అనిపించాడు. వెనక కుర్చీలో ఈశ్వరమ్మ కళ్ళు మూసుకుని ప్రతిసారీ ఆ మాటల్నే, అంతే గట్టిగా, మనసులో పట్టుకుని కూతురికి అందించింది.

స్నాతకోత్సవం దివ్యంగా జరిగింది. కులపతి నిజంగానే కంటతడి పెట్టారు. మర్నాడు అన్ని పత్రికల్లోనూ ఫోటో. కలికితురాయి అన్న మాట ఓబులేసు ఈసారి మనస్ఫూర్తిగా రాశాడు.

రెండు రోజుల తర్వాత పొద్దున్న ఈశ్వరమ్మ వంటింట్లోంచి కూతుర్ని పిలవబోయింది. నోరు తెరిచింది. అలాగే నిలబడిపోయింది.

“మ్మే” అంది చివరికి. “మ్మే, ఇట్ల రా.”

ఓబులేసు పేపరు చాటు నుంచి నవ్వి, కులపతి ముందు మాట్లాడిన పిల్లను పేరుపెట్టి పిలవడానికి జంకుతున్నావా అన్నాడు. ఆమె నవ్వలేదు. పొయ్యి మీద తాలింపులో వేసిన బొరుగుల వైపు చూపించి, ఇదేందయ్యా అంది. ఉగ్గాణి కదే అన్నాడు. ఆమె ఆ మాటను రెండుసార్లు అనుకుంది, కొత్త ఊరి పేరు అనుకున్నట్టు. మధ్యాహ్నానికి అదీ పోయింది. భోజనం దగ్గర కూతురు అన్నం వడ్డిస్తుంటే ఎప్పుడూ అనే మాట నోటికి రాక, కంచం మీద చేయి అడ్డం పెట్టింది. మొగుడి పేరు ఆమె ఎలాగూ పలకదు కాబట్టి అది మాత్రం ఉందో పోయిందో తెలుసుకునే వీలు లేకపోయింది.

చేయి అడ్డం పెట్టిన తల్లిని చూసి చౌడేశ్వరి గరిటె దించింది. పట్టీ లేదు, తీగ లేదు, ఇంట్లో పెట్టె లేదు.

“చాలు” అంది పిల్ల, తల్లి తరఫున.

 తన చెవులతో తాను విన్న ఆ మాటకు ఓబులేసుకు ఎగిరి గంతెయ్యాలో, గుండె బాదుకోవాలో తెలియలేదు.

షంషాద్ ఆ సాయంత్రం బొమ్మల కార్డులు తెచ్చి ఇద్దరికీ విడివిడిగా చూపించింది. కార్డులు అయిపోయాక ప్రసంగంలోని మాటలు అడిగింది. తల్లికి రానిదల్లా పిల్లకు వచ్చింది. ‘మా’, ‘నా’ లాంటి చిన్న మాటలు, రోజంతా నానా రకాలుగా వాడేవి, తల్లి దగ్గర నిలిచాయి. గట్టిగా పట్టుకుని పదేపదే అందించినవి మాత్రం వేళ్ళతో సహా వెళ్ళిపోయాయి. షంషాద్ కార్డులు బల్ల మీద పెట్టేసింది.

“ఓబులేసు గారూ, నేను ఇది అరువు అనుకుంటి. అరువు కాదు. బదిలీ. ఒకసారి పలికితే పొద్దునకు తిరిగొస్తాండె. మళ్ళీ మళ్ళీ పలికిస్తే ఇక్కడిది పోయి అక్కడ పాతుకుంటాంది.”

వెనక్కి మళ్ళించే దారి అడిగాడు. పిల్ల మెదడు పుచ్చుకోగలదు గాని ఇవ్వలేదని చెప్పింది. మళ్ళీ నేర్పిద్దామన్నాడు. నేర్పి చూశారు కూడా. పొద్దున నేర్పిన కూతురి పేరు దీపాలు పెట్టే వేళకు ఈశ్వరమ్మ నోటి నుంచి జారిపోయింది. ఆ చోట ఇక ఏదీ నిలవదు. రిహార్సళ్ళ గురించి తనకు చెప్పి ఉంటే ముందే కనిపెట్టి ఆపేదాన్ని కదా అని షంషాద్ అనలేదు. అననందుకు ఓబులేసుకు మరింత భారమైంది. ఆ ప్రసంగం రాసింది తను. ఉగ్గాణి పెట్టింది తను. పేరు పెట్టింది తను. ఎవరో వద్దంటే వినకపోవడం కాదు, ఎవరూ వద్దని చెప్పనే లేదు. భార్య నోటి నుంచి బిడ్డ పేరును తన కలంతోనే ఊడబెరికాడు.

షంషాద్ వైస్ ఛాన్సలర్‌కు అంతా విడమరిచి చెప్పింది. ఆయన చెవికి ఒక్క మాటే ఎక్కింది, శాశ్వతం. పట్టీ లేకుండా పిల్ల మాట్లాడుతోందంటే ఇది దేశంలోనే మొదటిది. విశ్వవిద్యాలయానికి గ్రేడు ఇచ్చే బృందం రాబోతోంది, వాళ్ళ ముందు పిల్ల కొత్త ప్రసంగం చెయ్యాలన్నాడు. గ్రేడు పడిపోతే సగం విభాగాలు మూతపడతాయి, గెస్టు లెక్చరర్లంతా రోడ్డున పడతారు, వాళ్ళ పెళ్ళాం పిల్లల గతి ఏమిటని ఓబులేసునే అడిగాడు. తల్లి ఒప్పుకుంటే మధ్యలో నీకేమిటన్నాడు.

తల్లి ఒప్పుకుంది. అదే అసలు దుఃఖం. ఓబులేసు ఇంటికొచ్చి ఆమె చేతులు పట్టుకుని బతిమాలాడు. నీ కబుర్లు లేకపోతే ఈ ఇల్లు ఇల్లే కాదన్నాడు. ఆమె తాపీగా విన్నది.

“ఏమయ్యా, నాకెందుకిన్ని?” అంది. “నేను తినేది తీసి బిడ్డకు పెట్టలేదా ఎన్నడూ? అది... గుండ్రంగా చేస్తామే, అది. ఇదీ అట్లనే అనుకో.”

సంగటి ముద్ద అన్న మాట ఆమె చేతులకు గుర్తుంది. రెండు అరచేతుల మధ్య గాలిని గుండ్రంగా తిప్పి చూపించింది. ఓబులేసు ఆ చేతుల్ని చూడలేక లేచి బయటికి నడిచాడు.

చేతనైనదల్లా చేసి చూశాడు. అనంతపురంలో తనకు బాగా తెలిసిన విలేకరికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాడు. అవతల అతను శ్రద్ధగానే విని, ఒక్కటే అడిగాడు.

“సార్, పాప మాట్లాడుతోందా లేదా?”

“మాట్లాడుతోంది.”

“అదే కదా సార్ వార్త.”

తర్వాత ఇంకో దారి పట్టాడు. కొత్త ప్రసంగం ఎలాగూ తనే రాయాలి కదా, భార్యకు అక్కర్లేని మాటలతో నింపేద్దామనుకున్నాడు. మౌలిక వసతులు, పరస్పర అవగాహన ఒప్పందం, సమగ్ర నాణ్యత, ఇలాంటివి. ఇవి పోతే ఈశ్వరమ్మకేం నష్టం? ఆ కాగితం వైస్ ఛాన్సలర్ చూసి పెదవి విరిచాడు. ఇది గుండెకు తగలదయ్యా అని కొట్టేసి, పక్కన తనే రాశాడు: కొంగు, ఉయ్యాల, జోలపాట, గోరుముద్ద. రిహార్సళ్ళు వద్దని ఓబులేసు కాళ్ళావేళ్ళా పడ్డాడు.

“రిహార్సల్ లేకుండా ఎట్లయ్యా ఓబులేసూ, అభాసు పాలవుతాం” అన్నాడాయన, జాలిగానే.

మొదటి రిహార్సళ్ళు అయిన సాయంత్రం ఎదురింటి పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే, ఎప్పటిలాగే ఈశ్వరమ్మ వెళ్ళి ఎత్తుకుంది. భుజాన వేసుకుని పాడబోయింది. రాగం వచ్చింది. మాట రాలేదు. చీర చెంగుతో పిల్ల ముక్కు తుడిచి, ఆ చెంగును చేతిలో పట్టుకుని, దీన్నేమంటారన్నట్టు చుట్టూ చూసింది. చౌడేశ్వరి గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఆ పిల్లకు చెప్పకుండా దాచామనుకున్నారు పెద్దవాళ్ళు. మాట్లాడలేనివాళ్ళకు అర్థం కూడా కాదని ఇన్నేళ్ళ తర్వాత కూడా అనుకోవడం ఓబులేసు చేసిన ఇంకో పొరపాటు. పిల్ల లోపలికి వచ్చి తండ్రి ఎదురుగా నిలబడింది. తల అడ్డంగా ఊపింది. అంతే.

బృందం వచ్చిన రోజు సెనేట్ హాలు కిటకిటలాడింది. బయట ఫ్లెక్సీల మీద చౌడేశ్వరి బొమ్మ, దాని పక్కన అంతకంటే పెద్దగా వైస్ ఛాన్సలర్ బొమ్మ. షంషాద్ కూడా వచ్చింది, రానంటే పెట్టె వేరేవాళ్ళ చేతికిస్తామన్నారు కాబట్టి.  తల్లికీ కూతురికీ పట్టీలు కట్టింది. ఓబులేసు మైకు పక్కన నిలబడ్డాడు. ఇప్పుడైనా తీగ తెంపేయాలని చేయి సాగింది గాని, ఈశ్వరమ్మ అతని వైపే చూస్తోంది. ఆ చూపులో ఉన్న ఆశను తెంపడం అతనికి చేతకాలేదు.

బృందం అధ్యక్షుడు మొదలుపెట్టమని సైగ చేశాడు. ఈశ్వరమ్మ కళ్ళు మూసుకుంది. చౌడేశ్వరి పెదవులు బిగించింది.

హాలంతా ఎదురుచూసింది. ఈశ్వరమ్మ నుదుటి మీద నరాలు ఉబ్బాయి, ఇస్తోంది, ఇస్తూనే ఉంది. పిల్ల పుచ్చుకోవడం లేదు. పళ్ళు కరిచిపట్టి, కన్నీళ్ళు చెంపల మీదికి కారుతున్నా నోరు తెరవడం లేదు. వైస్ ఛాన్సలర్ కుర్చీలో కదిలాడు. మాట కోసం ఇన్నేళ్ళు అల్లాడిన బిడ్డ, ఆ మాట వాకిట్లోకొస్తే తలుపు మూసి అడ్డంగా నిలబడింది. ఓబులేసు గుండెలో మొదటిసారి ధైర్యం పుట్టింది.

చౌడేశ్వరి తన పట్టీ తానే విప్పేసుకుంది. వెనక్కి తిరిగి, తల్లి తలకున్న పట్టీ కూడా విప్పి కిందపడేసింది. తనకు సొంతమైన కాసిని మాటల్లో వెతుక్కుంది. దొరికినవి తండ్రి రాసిన ఆ మొదటి ప్రసంగంలోవే.

“అమ్మ” అంది.  “చాలు. అమ్మ... చాలు.”

చేతులు జోడించింది. హాలు వైపు కాదు, తల్లి వైపు.

 హాలు దద్దరిల్లింది. తీగ లేకుండా, పెట్టె లేకుండా పిల్ల మాట్లాడిందని జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. బృందం అధ్యక్షుడే ముందు లేచాడు. వైస్ ఛాన్సలర్ శాలువా పట్టుకుని పరుగున వచ్చి, వెక్కివెక్కి ఏడుస్తున్న పిల్ల భుజాల మీద కప్పాడు. ఫోటోలు తీశారు. ఓబులేసు మైకు లాక్కుని అరిచాడు, అది కాదు, ఆపమంటోంది, మీకర్థం కాలేదు అని. చప్పట్లలో అతని మాట అతనికే వినపడలేదు. తండ్రి ఆనందం పట్టలేకపోతున్నాడని పక్కనున్న డీన్ అతని వీపు నిమిరాడు.

ఆరోజు ప్రకటన ఓబులేసు రాయలేదు. రాయనన్నాడు. ఇంకెవరో రాశారు. కలికితురాయితోనే మొదలైంది. శాశ్వత చికిత్స అని పెద్ద అక్షరాల్లో పడింది. తల్లి సంగతి చివర్లో ఒక వాక్యంలో ఉంది, ‘తల్లి త్యాగం స్ఫూర్తిదాయకం’ అని. మంచి గ్రేడు వచ్చింది. షంషాద్ దీర్ఘకాలపు సెలవు పెట్టి వెళ్ళిపోయింది, షెడ్డు తాళం మరొకరి చేతికి పోయింది.

ఆ వారంలోనే తల్లులు రావడం మొదలైంది. రాయదుర్గం నుంచి, కదిరి నుంచి, బళ్ళారి వైపు నుంచి, బస్సుల్లో, ఆటోల్లో. మాట రాని పిల్లల్ని చంకనేసుకుని షెడ్డు ముందు వేపచెట్ల నీడన కూర్చున్నారు. తాళం తీసేవాళ్ళు ఇంకా రాలేదు. ఓబులేసు భార్యనూ కూతురినీ వెంటబెట్టుకుని అక్కడికి పోయాడు. రాయడం వల్ల కానిది నోటితో చెప్తే అవుతుందేమోనని, ఆఖరి ఆశ.

చెట్టు మొదట్లోని గట్టు మీద నిలబడి అంతా చెప్పాడు. మొదటి రిహార్సల్ నుంచి మొదలుపెట్టి, సంగటి, ఉగ్గాణి, జోలపాట, ఏదీ దాచలేదు.  నమ్మనివాళ్ళు నా భార్యనే అడగండి, మీ పాప పేరేమిటని అడగండి అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు సిగ్గుతో చచ్చిపోయాడు, అయినా అన్నాడు.

ముందు వరసలో ఒకామె లేచింది. చంకలో నాలుగైదేళ్ళ పిల్లాడు, నోట్లోంచి చొంగ కారుతోంది.

“అక్కా, మీ పాప పేరేమి?”

ఈశ్వరమ్మ నోరు తెరిచింది. కూతురి గడ్డం పట్టుకుని ముఖం తనవైపు తిప్పుకుంది. కళ్ళల్లోకి చూసి వెతికింది.  ఏమీ రాలేదు. చెట్టు కింద ఒక్కరూ కదల్లేదు. ఒకరిద్దరు తలలు దించుకున్నారు. ఒకామె తన పిల్లను గట్టిగా హత్తుకుంది. గెలిచాననుకున్నాడు ఓబులేసు. ఇక వీళ్ళు లేచి బస్సులెక్కుతారనుకున్నాడు.

అందరి ముందూ తల్లి అలా నోరు తెరిచి నిలబడటం చౌడేశ్వరి చూడలేకపోయింది. ఇంట్లో రోజూ చేసే పనే ఇక్కడా చేసింది, తల్లికి అందించింది.

“చౌడేశ్వరి” అంది, గుడిగంట కొట్టినంత స్పష్టంగా.

దించుకున్న తలలన్నీ ఒక్కసారి లేచాయి. వెనక కూర్చున్నవాళ్ళు మోకాళ్ళ మీద లేచి తొంగిచూశారు. ముందు నిలబడ్డ ఆమె పిల్లాడి చొంగను కొంగుతో తుడిచి, వాణ్ణి రెండో చంకకు మార్చుకుంది.

“అన్నా, తాళం ఎప్పుడు తీస్తారు?” అని అడిగింది.

 అక్కడున్న వాళ్ళెవరూ ఈశ్వరమ్మ వైపు చూడటం లేదు. ఈశ్వరమ్మ కూడా అందరితోపాటు కూతురి నోటివంకే చూస్తూ, మురిసిపోతూ నిలబడి ఉంది.